రక్తపు చుక్క చెప్పే వార్త



మీలో చాలామంది నిజ్వా పట్టణానికి వెళ్లి ఉంటారు. అక్కడి కోటను, సంతను చూసి, ఫలజ్ దారిస్ ఒడ్డున కూర్చుని చల్లని నీటిలో కాళ్లు తడుపుకొని ఉంటారు. చుట్టూ ఎండిన కొండలు. మరి ఆ నీరు ఎక్కడినుండి వస్తున్నది? కొండల అడుగున ఊరే నీటిని ఒమన్ ప్రజలు నేల లోపలి సొరంగం ద్వారా ఊరికి తెచ్చుకొన్నారు. ఇటువంటి కాలువలను ఫలజ్ అంటారు. ఒమన్‌లోని ఐదు ఫలజ్‌లను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఫలజ్ దారిస్ వాటిలో ఒకటి.

ఎగువన నీటిలో ఏది కలిసినా అది కాలువ వెంట దిగువకు వస్తుంది. కాబట్టి సొరంగంలోకి దిగకుండానే, దిగువన ఒక చెంబెడు నీరు తీసి పరీక్షించి, ఎగువ సంగతి కొంతవరకు తెలుసుకొనవచ్చు.

మన శరీరంలోనూ ఇటువంటి కాలువ ఒకటి ఉన్నది. అదే రక్తం. అది గుండె నుండి బయలుదేరి, శరీరంలోని అవయవాలన్నింటినీ పలకరించి, తిరిగి గుండెకు చేరుతుంది. అందుచేతనే డాక్టరుగారు మన చేతినుండి కొద్దిపాటి రక్తం తీసి, ఎక్కడో లోపల ఉన్న కాలేయం గూర్చి, మూత్రపిండాల గూర్చి చెప్పగలుగుతున్నారు.

అయితే ఆ రక్తం అన్ని సంగతులూ చెప్పగలదా? ముఖ్యంగా, మన తల్లులకు, అక్కచెల్లెళ్లకు రాగల ఒక క్యాన్సరును, అది ఇంకా క్యాన్సరుగా మారకముందే రక్తపు చుక్కలో చూడగలమా? ఈ పాఠంలో ఆ విషయం తెలుసుకొందాం.

రక్తంలో ఏమున్నది?

పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో సగానికి కొంచెం ఎక్కువ భాగం లేత పసుపురంగు ద్రవం. దానిని ప్లాస్మా అంటారు. మిగిలినది ఎర్రకణాలు, తెల్లకణాలు, సూక్ష్మఫలకాలు. ప్లాస్మాలో ఎక్కువ భాగం నీరే. ఆ నీటిలో ఉప్పులు, చక్కెర, కొవ్వులతోపాటు మాంసకృత్తులు, అంటే ప్రోటీనులు, కరిగి ఉంటాయి.

పప్పులో, గుడ్డులో మాంసకృత్తులు ఉంటాయని మీరు చదివి ఉన్నారు. రక్తంలోని మాంసకృత్తులు వేలరకాలు. ఒకటి రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. ఒకటి రోగక్రిములతో పోరాడుతుంది. ఒకటి మందులను మోసుకొని పోతుంది. అన్నింటికంటె ఎక్కువగా ఉండేది ఆల్బుమిన్. కొన్ని మాంసకృత్తులు మాత్రం శరీరంలో ఏదైనా మార్పు వచ్చినపుడే రక్తంలో కనిపిస్తాయి, లేదా మామూలుకంటె పెరుగుతాయి. వాటిని చూసి వ్యాధిని గుర్తించవచ్చు. అటువంటి వాటిని సూచికలు అంటారు. పొగను చూసి నిప్పును ఊహించినట్లే ఇది కూడా.

భీమవరం బిడ్డ, ఒక మందు, ఒక సూచిక

సూచిక ఎంతటి ఉపకారం చేయగలదో తెలిపే ఒక నిజమైన కథ ఉన్నది. దానికి మన తెలుగువారితో సంబంధం కూడా ఉన్నది.

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో జన్మించారు. బీదరికాన్ని ఎదుర్కొని చదువుకొని, అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డగించి కణాల పెరుగుదలను ఆపే మందులను ఆయన బృందం తయారుచేసింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. 1948లో సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ మందు మాత్రం బ్రతికి, అనేకులను బ్రతికించింది.

1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు అమెరికాలో ఈ మందును ఒక అరుదైన క్యాన్సరుకు వాడారు. అది గర్భిణీ స్త్రీలలో మాయకు సంబంధించిన కణాలనుండి పుట్టే క్యాన్సరు. ఆ కణాలు హెచ్.సి.జి. అనే మాంసకృత్తు హార్మోనును తయారుచేస్తాయి. మందు ఇచ్చిన తరువాత ఎక్స్‌రే చిత్రంలో గడ్డలు కనిపించకుండా పోయాయి. కాని పరీక్షలో ఆ హార్మోను ఇంకా కనిపిస్తూనే ఉన్నది. అంటే కంటికి కనిపించని క్యాన్సరు కణాలు ఇంకా మిగిలి ఉన్నాయన్నమాట. అందువల్ల లీ, ఆ సూచిక పూర్తిగా మాయమయ్యేదాకా మందు కొనసాగించారు. రోగులు కోలుకొన్నారు. ఈ కృషికి 1972లో ఆ ఇద్దరికీ లాస్కర్ బహుమతి లభించింది.

కన్ను చూడలేనిదాన్ని ఒక మాంసకృత్తు చూపించింది. మరి ఇతర క్యాన్సర్లకు కూడా ఇటువంటి సూచిక దొరకకూడదా అని శాస్త్రజ్ఞులకు ఆశ కలగడం సహజమే కదా!

చప్పుడు చేయని వ్యాధి

ఇప్పుడు మన అసలు విషయానికి వద్దాం. బిడ్డ పెరిగే సంచిని గర్భాశయం అంటారు. దాని కింది చివరను గర్భాశయ ముఖద్వారం అంటారు. అక్కడ వచ్చే క్యాన్సరు వల్ల 2022లో ప్రపంచంలో సుమారు 6 లక్షల 60 వేలమంది స్త్రీలు కొత్తగా జబ్బుపడ్డారు. సుమారు 3 లక్షల 50 వేలమంది మరణించారు. వారిలో అత్యధికులు పేద దేశాలవారు, మధ్యతరగతి దేశాలవారు.

ఈ క్యాన్సరుకు కారణం ఏమిటి? జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్, ఆయన సహచరులు 1983లోను, 1984లోను ఈ క్యాన్సరు కణాలలో హ్యూమన్ పాపిలోమా వైరస్ రకాలైన 16ను, 18ని కనుగొన్నారు. 2008లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వైరస్ చాలా సామాన్యమైనది. పెద్దవారైన తరువాత స్త్రీపురుషుల కలయిక వల్ల సోకుతుంది. పురుషులకూ సోకుతుంది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు చాలామందికి వచ్చి, వచ్చిన సంగతి కూడా తెలియకుండానే పోతుంది. కాబట్టి ఇది వచ్చినంతమాత్రాన ఎవరి నడతనూ శంకించరాదు.

ఎక్కువమందిలో ఒకటి రెండు సంవత్సరాలలోనే శరీరం ఈ వైరసును వదిలించుకొంటుంది. కొద్దిమందిలో మాత్రం అది తిష్ఠవేస్తుంది. అప్పుడు ముఖద్వారపు పై పొరలోని కణాలు మెల్లమెల్లగా రూపు మారుతాయి. ఇది క్యాన్సరు కాదు. క్యాన్సరుకు ముందటి దశ. ఈ దశ నుండి అసలు క్యాన్సరు రావడానికి సాధారణంగా ఎన్నో ఏళ్లు పడుతుంది. వైరస్ సోకిననాటినుండి లెక్కిస్తే 15 నుండి 20 సంవత్సరాలు పట్టవచ్చు.

ఆలోచించండి! అన్ని సంవత్సరాల గడువు! ఆ గడువులో పట్టుకొంటే, మారిన కణాలను చలువతోగాని వేడితోగాని చిన్న చికిత్సతో తొలగించవచ్చు. గోటితో పోయేదానికి గొడ్డలి అవసరం ఉండదు.

కాని చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఆ దశలో నొప్పి ఉండదు. జ్వరం ఉండదు. మనిషి తన పని తాను చేసుకొంటూనే ఉంటుంది. "పరీక్ష చేయించుకో అమ్మా" అంటే, "నాకేమిటి, రాయిలా ఉన్నాను. ముందు మీ నాన్నకు షుగరు పరీక్ష చేయించండి" అంటుంది. ఇంటిల్లిపాదికీ మందులు గుర్తుచేసే తల్లికి తన సంగతి గుర్తుండదు. గుర్తున్నా సిగ్గు అడ్డం వస్తుంది. ఈ మౌనంలోనే గడువు కాస్తా గడిచిపోతుంది.

ముందుగా పట్టుకొనే మార్గాలు

గ్రీసు దేశంలో 1883లో పుట్టిన జార్జ్ పాపనికొలావ్ అనే వైద్యుడు అమెరికాలో ముఖద్వారపు కణాలను గాజుపలక మీద పరచి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూసేవాడు. క్యాన్సరు కణాలను ఇలా గుర్తించవచ్చునని ఆయన 1928లో చెప్పినపుడు ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు. 1943లో హెర్బర్ట్ ట్రౌట్‌తో కలిసి పుస్తకం ప్రకటించిన తరువాత లోకం గ్రహించింది. ఆయన పేరు మీదనే దీనిని పాప్ పరీక్ష అంటున్నారు.

రెండవది ఇంకా సులభం. పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే మనం వంటింట్లో వాడే వినిగరులోని ఆమ్లాన్ని, ముఖద్వారానికి పూస్తారు. మార్పు చెందిన చోటు తెల్లబారుతుంది. మూడవది, ముఖద్వారంనుండి తీసిన నమూనాలో వైరసు ఉన్నదా లేదా అని చూడడం.

ఈ మూడింటిలో ఏది మేలు? ఈ ప్రశ్నకు జవాబు వెదికినవారిలో మన తెలుగు గ్రామాల స్త్రీలు కూడా ఉన్నారు. హైదరాబాదు దగ్గరి మేడ్చల్ మండలంలో, ఘనపూర్‌లోని మెడిసిటీ వైద్య విజ్ఞాన సంస్థ కేంద్రంగా, రెండువేలకు పైగా స్త్రీలకు ఈ మూడు పరీక్షలూ చేసి పోల్చిచూశారు. 2010లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. మూడింటిలో వైరస్ పరీక్షే తక్కువ కేసులను జారవిడిచింది. ఆ స్త్రీలు సిగ్గును దాటి, పని మానుకొని వచ్చి చేసిన మేలు వారితో ఆగలేదు. అది శాస్త్రానికే మేలు.

మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో, అంటే ఇప్పటి ధారాశివ్ జిల్లాలో, 1999లో ఇంకొక పెద్ద ప్రయత్నం మొదలైంది. 1,31,746 మంది స్త్రీలు ఇందులో ఉన్నారు. 2009లో వచ్చిన ఫలితం ఇది: జీవితంలో ఒక్కసారి వైరస్ పరీక్ష జరిపి, అవసరమైనవారికి చికిత్స చేసిన గ్రామాలలో, ఈ క్యాన్సరు మరణాలు ఎనిమిదేళ్లలో దాదాపు సగానికి తగ్గాయి.

మరి రక్తపరీక్ష సంగతి ఏమిటి?

ఈ మూడు పరీక్షలకూ ముఖద్వారాన్ని చూడాలి, లేదా అక్కడినుండి నమూనా తీయాలి. అందుకే చాలామంది జంకుతారు. అదే చేతినుండి రక్తం తీస్తే చాలునంటే ఎవరు కాదంటారు? అందుచేత శాస్త్రజ్ఞులు రక్తంలో సూచికల కొరకు వెదకసాగారు.

1977లో జపానులో కాటో, టొరిగోయె అనేవారు ముఖద్వారపు క్యాన్సరునుండి ఒక మాంసకృత్తును గుర్తించారు. దానిని ఎస్.సి.సి. యాంటిజెన్ అంటారు. క్యాన్సరు ముదిరినవారిలో ఇది రక్తంలో పెరుగుతుంది. చికిత్స పనిచేస్తే తగ్గుతుంది. వ్యాధి తిరగబెడితే మళ్లీ పెరగవచ్చు. కాబట్టి చికిత్స జరుగుతున్నపుడు డాక్టర్లకు ఇది ఉపయోగపడుతున్నది.

కాని క్యాన్సరుకు ముందటి దశను పట్టుకోవడానికి ఇది చాలదు. ఎందుకో చూద్దాం.

మొదటి కారణం: మారిన కణాలు ముఖద్వారపు పై పొరలోనే ఉంటాయి. ఆ పొరలో రక్తనాళాలు లేవు. పొరకు అడుగున పలుచని గోడ వంటి త్వచం ఉన్నది. రక్తనాళాలు ఆ గోడకు అవతల ఉన్నాయి. మారిన కణాలు గోడను దాటి లోపలికి చొచ్చుకుపోయినపుడే దానిని క్యాన్సరు అంటారు. గోడ దాటనంతకాలం వాటి మాంసకృత్తులు రక్తంలో కలిసేది బహుకొద్ది. ఫలజ్ ఒడ్డున, గట్టుమీద పడి ఉన్న మట్టిపెళ్ల వంటిదది. నీటిని తాకనిదాని రుచి నీటికి ఎలా తెలుస్తుంది?

రెండవ కారణం: కలిసిన కొద్దిపాటి కూడా మహాసముద్రంలో కాకిరెట్ట వంటిదే. ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో ఆల్బుమిన్ ఒక్కటే సుమారు 40 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే 4 కోట్ల నానోగ్రాములు. మనం వెదికే సూచికలు అదే మిల్లీలీటరులో ఒకటి రెండు నానోగ్రాముల లెక్కలో ఉంటాయి. నాలుగుకోట్ల గింజల రాశిలో ఒక వేరు గింజను వెదకడమన్నమాట!

మూడవ కారణం: పొగ ఉన్నచోటల్లా ఇల్లు తగులబడుతున్నదని చెప్పలేము. అది వంట పొగ కావచ్చు. ఎస్.సి.సి. యాంటిజెన్ కొన్ని చర్మవ్యాధులలోను, మూత్రపిండాల వ్యాధిలోను కూడా పెరుగుతుంది.

లెక్క వేసి చూద్దాం

మంచి పరీక్షకు రెండు గుణాలు ఉండాలి. జబ్బు ఉన్నవారిని వదలిపెట్టరాదు. జబ్బు లేనివారిని భయపెట్టరాదు.

లెక్కకొరకు ఇలా అనుకొందాం. 1,000 మంది స్త్రీలలో 10 మందికి ముందటి దశ మార్పులు ఉన్నాయి. ఒక కొత్త రక్తపరీక్ష వచ్చింది. అది జబ్బు ఉన్నవారిలో నూటికి 90 మందిని సరిగా పట్టుకొంటుంది. జబ్బు లేనివారిలోనూ నూటికి 90 మందికి "లేదు" అని సరిగానే చెబుతుంది. నూటికి 90 మార్కులు! గొప్ప పరీక్షే అనిపిస్తుంది కదూ?

10 మందిలో 9 మంది దొరుకుతారు. ఒకరు తప్పిపోతారు. మిగిలిన 990 మందిలో నూటికి 10 చొప్పున 99 మందికి "ఉన్నది" అని తప్పుగా చెబుతుంది. అంటే మొత్తం 108 మందిని పిలిచి భయపెడితే, వారిలో నిజంగా మార్పులు ఉన్నవారు 9 మందే! "ఏమీ లేదు" అన్న మాట నమ్మి ఇంటికి వెళ్లిపోయిన ఆ ఒక్కరి సంగతి ఇంకా విచారకరం.

శాస్త్రజ్ఞులు "దొరికింది" అని తొందరపడి ప్రకటించకపోవడానికి కారణం ఇదే. ఇప్పుడు వారు ఒక్క మాంసకృత్తును కాక, ఎన్నింటినో ఒకేసారి కొలుస్తున్నారు. ద్రవ్యరాశి వర్ణపటమాపకం వంటి యంత్రాలతో ఆరోగ్యవంతుల రక్తాన్ని, ముందటి దశ మార్పులు ఉన్నవారి రక్తాన్ని పోల్చి, తేడాలను వెదకుతున్నారు. వైరసును ఎదిరించడానికి శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలను కూడా పరిశీలిస్తున్నారు. అవీ మాంసకృత్తులే. ఈ కృషి సాగుతున్నది. అయితే ముఖద్వారపు పరీక్షను మాన్పించగల రక్తపరీక్ష మాత్రం ఇంకా రాలేదు.

ఇంకొక విశేషం. పి16 అనే మాంసకృత్తు ఒకటి ఉన్నది. వైరస్ పట్టుచిక్కించుకొన్న కణాలలో అది ఎక్కువగా పోగవుతుంది. గాజుపలక మీది కణాలకు ప్రత్యేకమైన రంగు వేసి దానిని చూస్తున్నారు. ఆ పరీక్ష ఇప్పటికే వాడుకలో ఉన్నది. అది పనిచేయడానికి కారణం, దానిని దిగువ నీటిలో కాక, మార్పు జరిగిన చోటనే వెదకడం.

మనం చేయవలసినది

రక్తపరీక్ష రేపు రావచ్చు. దానికొరకు ఈనాటి గడువును పోగొట్టుకొనరాదు. 30 ఏళ్లు దాటిన స్త్రీలు 5 నుండి 10 సంవత్సరాలకు ఒకసారి వైరస్ పరీక్ష చేయించుకోవాలని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది. సిగ్గుపడేవారు నమూనాను తమంతట తామే తీసి ఇచ్చే పద్ధతి కూడా ఉన్నది.

ఇక టీకా సంగతి. వైరస్ సోకకముందే వేస్తే ఈ టీకా బాగా పనిచేస్తుంది. అందుకే 9 నుండి 14 సంవత్సరాల వయసు ఆడపిల్లలకు ముందుగా వేయమంటున్నారు. 2020 నవంబరు 17న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక లక్ష్యం ప్రకటించింది. 2030 నాటికి ఆడపిల్లలలో నూటికి 90 మందికి 15 ఏళ్లలోపు టీకా అందాలి. స్త్రీలలో నూటికి 70 మందికి 35వ ఏటికి ఒకసారి, 45వ ఏటికి మరొకసారి పరీక్ష జరగాలి. జబ్బు బయటపడినవారిలో నూటికి 90 మందికి చికిత్స అందాలి. ఈ మూడూ నెరవేరితే, ఒక క్యాన్సరును లోకంనుండి సాగనంపే దారి ఏర్పడుతుంది.

మగపిల్లలారా! ఇది ఆడవారి సంగతి, మనకెందుకు అనుకొనకండి. తల్లి ఆరోగ్యం ఇంటి ఆరోగ్యం. ఇంటికి దూరంగా, ఈ దేశంలో బ్రతుకుతున్న మన కుటుంబాలలో తల్లి జబ్బుపడితే ఆదుకోవడానికి అమ్మమ్మ, పిన్ని పక్కవీధిలో ఉండరు. కనుక ఈ సాయంత్రం ఇంటికి వెళ్లి, ఈ పాఠం అమ్మకు చదివి వినిపించండి. చదివిన తరువాత ఒక్క ప్రశ్న అడగండి: "అమ్మా, నీకు ఈ పరీక్ష జరిగిందా?" ఆమె "రాయిలా ఉన్నాను" అంటే, గట్టుమీది మట్టిపెళ్ల సంగతి చెప్పండి.

అభ్యాసం

కొత్త మాటలు
సూచిక = గుర్తు తెలిపేది
మాంసకృత్తు = ప్రోటీను
త్వచం = పలుచని పొర
ప్రతిరక్షకం = రోగక్రిమిని ఎదిరించడానికి శరీరం తయారుచేసే పదార్థం
గడువు = ఏర్పడిన కాలపరిమితి

ఈ ప్రశ్నలకు జవాబులు వ్రాయండి
1. రక్తాన్ని ఫలజ్‌తో ఎందుకు పోల్చారు?
2. ఎక్స్‌రేలో గడ్డలు కనిపించకపోయినా లీ మందు ఎందుకు కొనసాగించారు?
3. క్యాన్సరుకు ముందటి దశను రక్తపరీక్షతో పట్టుకొనలేకపోవడానికి మూడు కారణాలు వ్రాయండి.
4. పి16 పరీక్ష పనిచేయడానికి కారణం ఏమిటి?
5. "గోటితో పోయేదానికి గొడ్డలి అవసరం ఉండదు" – ఈ మాట ఈ పాఠానికి ఎలా వర్తిస్తుంది?

లెక్క చేయండి
2,000 మంది స్త్రీలలో 20 మందికి మార్పులు ఉన్నాయనుకొనండి. ఒక పరీక్ష జబ్బు ఉన్నవారిలోను, లేనివారిలోను నూటికి 95 మందికి సరిగా చెబుతుంది. "ఉన్నది" అని ఎంతమందికి చెబుతుంది? వారిలో నిజంగా మార్పులు ఉన్నవారెందరు?

ఖాళీలు పూరించండి
1. యల్లాప్రగడ సుబ్బారావుగారు ______ లో జన్మించారు.
2. ప్లాస్మాలో అన్నింటికంటె ఎక్కువగా ఉండే మాంసకృత్తు ______.
3. పాప్ పరీక్షకు ______ పేరు మీద ఆ పేరు వచ్చింది.

భాషాంశం
గర్భ + ఆశయము = గర్భాశయము. ఇది సవర్ణదీర్ఘ సంధి. ఇటువంటివే మరి మూడు మాటలు వ్రాయండి.

వ్రాయండి
ఊరిలో ఉన్న మీ పిన్నిగారికిగాని, మేనత్తగారికిగాని, ఈ పాఠంలో తెలుసుకొన్న విషయాలను వివరిస్తూ, పరీక్ష చేయించుకొనమని కోరుతూ ఒక లేఖ వ్రాయండి.